ఇంటనున్న తుపాకి

టెక్సాసు రాష్ట్రమున డాలసు, ఫోర్టువర్తు నగరముల నడుమ ఆర్లింగ్టను అను పట్టణమొకటి కలదు. మన తెలుగువారు వేలకొలదిగా కాపురములు పెట్టుకొనియున్న ఇర్వింగు, ఫ్రిస్కో వంటి పేటలకు అది కారులో పోయినచో కొలది సేపటి దూరము. 2019 డిసెంబరులో ఆ ఊరి కార్లు నిలుపు స్థలమొకదానిలో, మధ్యాహ్న భోజనమునకై కలిసికొనిన ఒక యువకునికిని, అతని బిడ్డకు తల్లియైన యువతికిని మాటామాటా పెరిగెను. ఆమె విడిచి పోబోగా అతడు మణికట్టు పట్టి యీడ్చుకొనివచ్చి కారులోనికి త్రోసెను. ఆ త్రోపునకు ఆమె తల కారు ముందుపలకకు కొట్టుకొనెను. దారిన పోవు వాడొకడు ఇదంతయు చూచుచున్నాడని గ్రహించి, యువకుడు ప్రక్కసీటు క్రింది తుపాకి తీయుటకు వంగిన ఆ క్షణమే ఆమెకు దొరికిన అవకాశము. ఆమె పరుగు తీసెను. వెనుక తుపాకి ప్రేలెను. గుండు ఆమెకై విడిచినదో, సాక్షికై విడిచినదో తేలలేదు. తరువాత అతడు ఫోను చేసి, ఈ సంగతి ఎవరికైనను చెప్పినచో కాల్చివేయుదునని హెచ్చరించెను.

ఆమె బెదరక న్యాయస్థానము నాశ్రయించెను. అతడు చేసిన పూర్వపు దౌర్జన్యములను కూడ ప్రమాణపత్రమున వ్రాసి యిచ్చెను. 2020 ఫిబ్రవరి 5వ తేదీన టారంట్ కౌంటీ న్యాయస్థానము, ఈతడు కుటుంబహింసకు పాల్పడినాడనియు, మరల పాల్పడు నవకాశము కలదనియు, ఇతనివలన ఆ స్త్రీకో బిడ్డకో ప్రాణభయము నిజముగానే యున్నదనియు నిర్ణయించి, రెండేండ్లపాటు ఆమెను బెదిరింపరాదని రక్షణ ఉత్తర్వు నిచ్చి, అతని తుపాకి లైసెన్సును నిలిపివేసెను. మే నెలలో నొక రాత్రి అతడు ఆమె యింటి దరికి వచ్చెను. నవంబరులో వేరొక స్త్రీని తుపాకితో బెదిరించెను. ఆ పిమ్మట కొలది వారములలోనే ఊరిలో ఐదు చోట్ల కాల్పులు జరిగెను. వానిలో కడపటిది, ఒక ఫలహారశాలలో స్నేహితుని క్రెడిట్ కార్డు చెల్లలేదన్న కోపమున ఆకాశమువైపు కాల్చినది. పోలీసులు అతని యిల్లు సోదా చేయగా ఒక పిస్తోలు, ఒక రైఫిలు, తూటాలు, వానితోపాటు న్యాయస్థానమువారి రక్షణ ఉత్తర్వు ప్రతి యొకటియు దొరికెను.

ఆ సోదా జాబితాను మించిన వ్యాఖ్యానము ఈ విషయమునకు మరియొకటి లేదని నా కనిపించును. కాగితము ఇల్లు చేరినది. ఆయుధములును ఇంటనే యున్నవి. రెంటికిని ఏ వైరమును కలుగలేదు.

రక్షణ ఉత్తర్వునకు లోబడియున్నవాడు తుపాకి కలిగియుండుట నేరమని అమెరికా కేంద్రప్రభుత్వము 1994లోనే శాసనము చేసెను. రెండేండ్ల తరువాత, న్యూజెర్సీకి చెందిన సెనేటరు ఫ్రాంక్ లాటెన్‌బర్గు పట్టుదలతో, భార్యను కొట్టినందుకు చిన్ననేరము క్రింద శిక్షపడినవానికి సైతము తుపాకి హక్కు పోవునట్లు మరియొక సవరణ వచ్చెను. భార్యను ఎముకలు విరుగునట్లు కొట్టినవాడు కూడ బేరసారములతో చిన్ననేరము నొప్పుకొని బయటపడుట అచట పరిపాటి యగుటచే ఈ సవరణ అవసరమయ్యెను. పోలీసు ఉద్యోగి, సైనికుడు, ఎవరైనను దీనికి మినహాయింపు లేదు. ఇంట చేయి చేసికొని శిక్షపడిన పోలీసువాడు ఉద్యోగము కొరకైనను తుపాకి పట్టరాదు. ఇంత కట్టుదిట్టముగా వ్రాసిన శాసనములు ఉండగా ఆర్లింగ్టను యువకుడు ఇంట పిస్తోలు నుంచుకొనుటలో వింత యేమనగా, అతని న్యాయవాదులు తప్పు శాసనముదే గాని తమ కక్షిదారునిది కాదని వాదించుటయు, ఆ వాదమును ఒక పెద్ద న్యాయస్థానము అంగీకరించుటయు.

దానికి పూర్వరంగ మొకటి కలదు. 2022 జూనులో సుప్రీముకోర్టు, న్యూయార్కు లైసెన్సుల వ్యాజ్యమున, జస్టిస్ క్లారెన్సు థామసు కలమునుండి వెలువడిన తీర్పులో, ఆయుధములపై ఏ ఆంక్షయైనను దేశ చరిత్ర సంప్రదాయములో దానికి పోలిక కనబడిననే నిలుచునని తేల్చెను. ఈ గీటురాయితో చూచి 2023లో ఐదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము, రాజ్యాంగకర్తల కాలమున భార్యను హింసించినవాని ఆయుధము తీసికొను ఆచారము లేదు గనుక 1994 శాసనము చెల్లదని, ఆ శాసనము క్రింద రహీమీ యను ఆ యువకునికి పడిన శిక్షను కొట్టివేసెను.

ఇచట పాఠకుడు ఒక్క నిమిషము ఆగవలసియున్నది. 1791లో, అనగా ఆయుధహక్కు రాజ్యాంగమున చేరిన యేట, భార్యను కొట్టినవానికి శిక్ష లేకపోవుటకు కారణము కొట్టువారు లేకపోవుట కాదు. పెండ్లియైన స్త్రీకి భర్తకు వేరుగా న్యాయదృష్టిలో ఉనికియే లేదు. ఆమె ఆస్తి అతనిది, ఆమె సంపాదన అతనిది, ఆమె ఒంటిపై దెబ్బయు చాలవరకు అతని యింటి వ్యవహారమే. 1868 నాటికి కూడ ఉత్తర కెరొలైనా ఉన్నత న్యాయస్థానము, బొటనవ్రేలికన్న లావు లేని బెత్తముతో భార్యను కొట్టిన భర్త వ్యాజ్యమున, ఇంటి గుట్టు రచ్చకెక్కుటకన్న ఆ దెబ్బలు సహించుటయే సంఘమునకు మేలని భావించి అతనిని విడిచిపుచ్చెను. మూడేండ్లకు అలబామా న్యాయస్థానము అట్టి హక్కు భర్తకు లేదని త్రోసిపుచ్చిన మాటయు నిజమే. కాని స్త్రీకి గొంతు లేని కాలమున ఆమెను రక్షించు చట్టము లేదు గనుక ఇప్పుడును ఉండరాదనుట, చెవిటివాని ముందు శంఖమూది, వాడు విననందున శంఖమునకే నాదము లేదని తీర్మానించుట వంటిది.

సుప్రీముకోర్టు 2024 జూన్ 21న ఎనిమిదిమంది ఒకవైపు, ఒకరొకవైపుగా ఆ తీర్పును త్రిప్పివేసెను. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్సు చరిత్రను విడువలేదు. దానినే మరికొంత లోతుగా త్రవ్వి, పూర్వకాలపు ఆంగ్ల ధర్మశాస్త్రమున, ఇకముందు హాని చేయునన్న భయము గల మనుష్యునిచేత జామీను కట్టించు పద్ధతి యుండెననియు, భర్తవలన భయపడు భార్యకు సైతము అట్టి జామీను కోరు హక్కుండెననియు, ఆంగ్ల న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టను వ్రాసిన వ్యాఖ్యానమును సాక్ష్యముగా జూపెను. ఇతరుల ప్రాణమునకు ముప్పని న్యాయస్థానము నిర్ణయించినవాని ఆయుధమును తాత్కాలికముగా నిలుపుట సంప్రదాయ విరుద్ధము కాదనుట తీర్పు సారాంశము. విభేదించిన ఒక్కరు జస్టిస్ థామసు గారే. పదేండ్లపాటు విచారణలలో ఒక్క ప్రశ్నయైనను వేయక మౌనముగా కూర్చుండిన యీయన, 2016 ఫిబ్రవరిలో ఆ మౌనమును విడిచినదియు లాటెన్‌బర్గు సవరణ వ్యాజ్యముననే. చిన్ననేరమునకు రాజ్యాంగహక్కు పోవుట ఇంకెచటనైనను కలదా యని ఆయన అడిగెను. ఆయన నిలుకడను ఒప్పుకొనక తప్పదు. ఆ నిలుకడకు మూల్యము చెల్లించువారు ఆ గదిలో లేరన్నది వేరు మాట.

న్యాయమూర్తుల చర్చయంతయు గుండు ప్రేలుటను గూర్చి. కాని ఇంటిలో తుపాకి చేయు పనిలో అధికభాగము అది ప్రేలకుండగనే జరిగిపోవును. రాత్రి భోజనమువేళ ఒక భర్త పిస్తోలు తీసి, బల్లపైన పళ్ళెము ప్రక్కన పెట్టి, నూనెగుడ్డతో నిదానముగా తుడుచుకొనును. ఒక్క మాట యనడు, చేయి యెత్తడు. పిల్లలు తలలు వంచుకొని అన్నము తిందురు. మరునాడు పుట్టింటికి పోవుదుననుకొనిన యిల్లాలు పోదు. ఏ పోలీసు దస్తావేజులోను ఆ రాత్రి యెక్కదు. ఒంటిపై గాయము లేదు, నేలపై తూటా లేదు, అయినను నేరము జరుగవలసినంతయు జరిగియే పోయినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు సూసన్ సోరెన్సన్ తన సహపరిశోధకురాలితో కలిసి అంతవరకు జరిగిన పరిశోధనలను క్రోడీకరించి చూడగా, అమెరికాలో సుమారు 45 లక్షలమంది స్త్రీలు తమ భర్తలచేతనో సహచరులచేతనో తుపాకితో బెదిరింపబడినవారనియు, దాదాపు 10 లక్షలమందిపై తుపాకి ప్రేలెననియు తేలెను. మొదటి అంకెకును రెండవ అంకెకును నడుమనున్న దూరమే నేను చెప్పుచున్న ప్రేలని తుపాకి రాజ్యము.

ఈ భయమును కొలుచుటకు సాధనమొకటి సిద్ధపరచిన ఖ్యాతి జాన్సు హాప్‌కిన్సు విశ్వవిద్యాలయ నర్సింగు కళాశాలకు చెందిన జాక్వెలిన్ కాంబెల్‌ది. ఆమె 1980ల నడుమ రూపొందించి, తరువాత సవరించిన ప్రశ్నావళి ఇప్పుడు ఇరువది ప్రశ్నలు గలది. అడుగుటకు ముందు, బాధితురాలి చేతికొక క్యాలెండరు నిచ్చి, గడచిన సంవత్సరములో దెబ్బలు తినిన దినములను గుర్తు పెట్టుమందురు. ఏదో రెండుమూడు మారులు అని తేలికగా చెప్పిన స్త్రీ, పండుగలు, పిల్లల పుట్టినరోజులు జ్ఞప్తికి తెచ్చుకొనుచు గుర్తులు పెట్టుకొనిపోగా కాగితము నిండుచుండుట చూచి నిర్విణ్ణురాలగుట కలదు. పిమ్మట ప్రశ్నలు: అతనికి తుపాకి కలదా? ఎన్నడైనను నీ గొంతు పట్టి నులిమినాడా? ఉద్యోగము పోయినదా? గడచిన యేడాదిలో నీవు అతనిని విడిచి వచ్చితివా? 2003లో ఆమె బృందము పదకొండు నగరములలో హత్యకు గురియైన స్త్రీల వృత్తాంతములను, హింసకు గురియై బ్రతికినవారి వృత్తాంతములతో సరిపోల్చి ప్రకటించిన పరిశోధనలో, హింసించువానికి తుపాకి అందుబాటున నున్నచో ఆమె ప్రాణము పోవు ముప్పు ఐదు రెట్లు హెచ్చునని తేలెను. విడిచి వచ్చిన తరువాతి కాలము మిక్కిలి ప్రమాదకరమనియు స్పష్టమయ్యెను. చంపబడిన స్త్రీలలో దాదాపు సగముమంది తమకు అంత ముప్పున్నదని ఎరుగరని కూడ ఆ కృషియే బయటపెట్టెను. ఇంత దగ్గరగా ఉన్నదానిని చూచుటకు కన్ను చాలదు కాబోలు.

విడిచి వచ్చిన తొలిదినములే ప్రాణాంతకములని శాస్త్రము చెప్పుచుండగా, శాసనము ఆ దినములనే విడిచిపెట్టినది. బాధితురాలు పరుగున వచ్చినప్పుడు న్యాయమూర్తి ఎదుటిపక్షమును వినకయే యిచ్చు తాత్కాలిక ఉత్తర్వునకు 1994 శాసనము వర్తింపదు. నోటీసు చేరి, విచారణ జరిగి, పూర్తి ఉత్తర్వు వెలువడిన పిమ్మటనే కేంద్రశాసనపు నిషేధము మొదలగును. ఆ నడుమ కాలమున అతని తుపాకి అతనిదే. పెండ్లి గాని, కాపురము గాని, బిడ్డ గాని లేని ప్రేమికుడు ఈ ఉత్తర్వుల నిషేధము క్రిందకు నేటికిని రాడు. 2022లో వచ్చిన కొత్త శాసనము అట్టివారిని శిక్షపడిన చిన్ననేరముల వరకు మాత్రమే చేర్చి, తొలి నేరమైనచో ఐదేండ్ల తరువాత హక్కు తిరిగి వచ్చునట్లు సడలించెను.

అన్నిటికన్న పెద్ద లోపము మరియొకటి. నీవు తుపాకి ఉంచుకొనరాదని శాసనము చెప్పును; దానిని ఎవరు, ఏనాడు, ఏ గుమ్మములో నిలిచి తీసికొనవలయునో కేంద్రశాసనము చెప్పదు. అది రాష్ట్రముల పని. కొన్ని రాష్ట్రములు చేయుచున్నవి, పెక్కు రాష్ట్రములు పెద్దమనిషి మాటపై వదలివేయుచున్నవి. బోస్టను విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన అధ్యయనమున, నిషేధముతోపాటు తుపాకి అప్పగింతను కూడ విధించిన రాష్ట్రములలో సహచరుల చేతి తుపాకి హత్యలు 14 శాతము తక్కువగా నున్నవని తేలెను. సియాటిల్ నగరమున్న కింగ్ కౌంటీలో ప్రాసిక్యూటర్లు, పోలీసులు, బాధితుల పక్షమున పనిచేయువారు ఒకే బృందముగా కూడి, ఉత్తర్వు వెలువడిన వెంటనే ఆ యింట నెన్ని తుపాకులున్నవో ఆమెనే అడిగి తెలిసికొని, పోయి తీసికొని వచ్చు ఏర్పాటు 2018 నుండి నడుచుచున్నది. తుపాకి ఏ బీరువాలో, ఏ మంచము క్రింద నుండునో ఇల్లు ఊడ్చు మనిషికి తెలిసినట్లు ఏ రికార్డునకును తెలియదు గదా!

అడుగువారు లేనిచోట ఏమగునో కొలరాడో రాష్ట్రపు కాసిల్‌రాక్ పట్టణము 1999లో చూచినది. రక్షణ ఉత్తర్వు చేతనుండియు జెస్సికా గోంజాలెస్ అను తల్లి, విడివడిన భర్త తన ముగ్గురు ఆడపిల్లలను తీసికొనిపోయెనని సాయంకాలము మొదలు అర్ధరాత్రి దాటువరకు పోలీసులకు మాటిమాటికి ఫోను చేసియు, స్వయముగా స్టేషనునకు పోయియు మొర పెట్టుకొనెను. ఇంకొంత సేపు వేచి చూడుమని వారు చెప్పుచు వచ్చిరి. ఆ సాయంకాలమే పిస్తోలు కొనుక్కొనిన ఆ మనిషి తెల్లవారుజామున మూడు దాటిన పిమ్మట పోలీసు స్టేషను ముందరికే వచ్చి కాల్పులు జరిపి, వారి తూటాలకు మరణించెను. అతని ట్రక్కులో ముగ్గురు పిల్లల శవములు దొరికెను. ఉత్తర్వును అమలు జరుపుమని పోలీసులను నిర్బంధించు రాజ్యాంగహక్కు ఆమెకు లేదని 2005లో సుప్రీముకోర్టు ఏడుగురి మాటగా తీర్పు చెప్పెను. అమెరికా ఖండముల మానవహక్కుల సంఘము 2011లో ఆమె పక్షమున నిర్ణయమిచ్చినను, పిల్లలు పోయి అప్పటికి పండ్రెండేండ్లు.

ఇంటి హింస ఇంటితో ఆగునన్న భ్రమను టెక్సాసులోని సదర్లాండు స్ప్రింగ్సు చర్చి తొలగించెను. 2017 నవంబరులో ఒక ఆదివారము ప్రార్థనలో నున్నవారిపై కాల్పులు జరిపి 26 ప్రాణములు తీసినవాడు, అంతకు ఐదేండ్ల ముందు వైమానికదళములో నుండగా భార్యను, ఆమె పసిబిడ్డను కొట్టినందుకు సైనిక న్యాయస్థానముచే శిక్షింపబడినవాడు. ఆ శిక్షను కేంద్ర రికార్డులలో నెక్కింపవలసిన దళము ఎక్కింపలేదు. తుపాకి అంగడిలో కంప్యూటరు అతనిని నిర్దోషిగా చూపెను. అతడు దూరినది తన రెండవ భార్య బంధువులు పోవు చర్చి. దోషములో అరువది శాతము వైమానికదళముదేనని 2021లో ఒక న్యాయమూర్తి తీర్పు చెప్పెను.

అమెరికాలోని మన ఆడపడుచులకు ఈ చిక్కులపైన మరికొన్ని చిక్కులు కలవు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై నున్నవానికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కొను హక్కు లేదు; గ్రీన్ కార్డు వచ్చినవానికి ఆ అడ్డు తొలగిపోవును. భార్య మాత్రము చాలకాలము హెచ్-4 పేర అతని వీసా తోకను పట్టుకొని యుండవలసినదే. భర్త ఉద్యోగము, భర్త సంతకము, భర్త కారు. ఆమె అర్ధరాత్రి గుంటూరుకో కరీంనగరుకో ఫోను చేసినచో, "సర్దుకుపోవే తల్లీ, అల్లుడుగారికి కోపమెక్కువ గాని మనసు మంచిది, నలుగురిలో పరువు పోతుంది" అన్న మాటయే వినబడును. ఆ తల్లి దుర్మార్గురాలు కాదు; తన కాలపు అల్లుని చేతిలో బెల్టు నెరుగును గాని, మంచము ప్రక్క సొరుగులోని పిస్తోలు నెరుగదు. చేరువలో ఒక దక్షిణాసియా స్త్రీ ఫోనెత్తి ఆమె భాషలో మాటలాడవలెనన్న తలంపుతోనే న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్కులో 1989లో సఖి, హ్యూస్టనులో 1996లో దయ వంటి సంస్థలు పుట్టినవి. హింసకు గురియైన హెచ్-4 భార్యకు స్వతంత్రముగా పని చేసికొను అనుమతి కోరు మార్గము శాసనమున నున్నదని ఎరిగినవారు మాత్రము నేటికిని తక్కువ.

సరిహద్దు దాటి కెనడాకు పోయినచో వేరొక తీరు కనబడును. అచట తుపాకి లైసెన్సునకు దరఖాస్తు పెట్టువాడు, ప్రస్తుతపు భార్యయే గాక గడచిన రెండేండ్లలో విడివడిన సహచరురాలి వివరములును వ్రాయవలెను. వారి సంతకము లేకున్న అధికారులే వారికి కబురు చేయుదురు. 1989లో మాంట్రియలు ఇంజనీరింగు కళాశాలలో ఒకడు పదునలుగురు స్త్రీలను హతమార్చిన పిమ్మట రేగిన ఆందోళన ఫలముగా 1995లో అచటి శాసనము పునర్నిర్మితమయ్యెను. భార్య సంతకము వీటో కాదు. కాని ఆమెను అడుగుట యనునది అచట దరఖాస్తు పత్రములోనే యున్నది.

మన దేశమున తుపాకి లైసెన్సు దొరకుట కష్టము. 1959 నాటి ఆయుధ శాసనమున కది ఘనతయే. అంతమాత్రమున మనము ఛాతీ విరుచుకొనుటకు తావు లేదు. ఏటా ఆరువేలకు మించిన వరకట్న మరణములు లెక్కకు వచ్చుచున్న చోట కిరోసినుకు లైసెన్సు అక్కరలేదు. అయినను లైసెన్సుగల తుపాకి మన ఇండ్లలో మౌనముగా నున్నదనుకొనరాదు. 1995 జూలైలో ఢిల్లీలో సుశీల్ శర్మ తన భార్య నైనా సాహ్నిని చంపినది లైసెన్సు గల రివాల్వరుతోనే. శవమును కాల్చజూచిన తందూరు పొయ్యి కథ దేశమంతయు చెప్పుకొనినది, రివాల్వరు మాట మరచిపోయినది.

మన గృహహింస నిరోధక శాసనము 2005లో వచ్చినది. దాని క్రింద 2006లో చేసిన నియమములలో పదవది చదివినవారు అరుదు. మేజిస్ట్రేటు వ్రాతపూర్వకముగా ఆదేశించినచో, హింసలో వాడినట్లు చెప్పబడు ఆయుధమును, అవసరమైన పోలీసు సహాయముతో, స్వాధీనము చేసికొనుట రక్షణాధికారి విధులలో నొకటియని ఆ నియమము స్పష్టముగా చెప్పుచున్నది. అమెరికా కేంద్రశాసనము చెప్పక విడిచినదానిని మన నియమము చెప్పినది; కాని మేజిస్ట్రేటు ఆదేశింపవలె, ఆదేశింపుమని ఎవరో అడుగవలె. లైసెన్సు నిచ్చు అధికారి కలెక్టరో పోలీసు కమిషనరో. ఇంటి హింస విచారించువారు మేజిస్ట్రేటు. ప్రజాశాంతికి భంగమైనచో లైసెన్సును రద్దు చేయవచ్చునని ఆయుధ శాసనపు పదునేడవ సెక్షను లైసెన్సు అధికారికి అధికారమిచ్చుచున్నది. ఇంటి శాంతి యను మాట అందులేదు. మేజిస్ట్రేటు కోర్టులో రక్షణ ఉత్తర్వు వెలువడినను, దాని ప్రతి లైసెన్సు ఫైలులోనికి తనంతట తాను నడచిపోదు. అందుచేత పిటిషను వ్రాయు వకీలుగారు, మనోవర్తి, నివాసహక్కు, స్త్రీధనము అను మామూలు కోరికల క్రింద, ప్రతివాది యొద్ద తుపాకి కలదా యని ఆమెను అడిగి, కలదన్నచో దానిని స్వాధీనము చేసికొని ఉత్తర్వు ప్రతిని లైసెన్సు అధికారికి పంపుమని ఒక పేరా చేర్చుటకు పట్టు కాలము ఐదు నిమిషములు.